వింత విషయము – దాని చిరునామా

వింతను కన్నవాడు దానిని తనలోనే దాచుకొని యుండలేడు. మరియొకరికి చెప్పిననే గాని ఆ ఆనందము పూర్తి కాదు. పొరుగూరినుండి వచ్చిన బంధువు కాళ్లు కడుగుకొని కూర్చుండగానే దారిలో చూచిన సంగతులు చెప్పనారంభించును. పత్రిక చదువుచున్న పెద్దవారు నవ్వు పుట్టించు ముక్క కనబడినచో వంటింటిలోనివారికి వినబడునట్లు బిగ్గరగా చదువుదురు. నేడు ఆ పనియే చేతిలోని ఫోనునందు జరుగుచున్నది. అంతర్జాలములో తిరుగుచుండగా కంటబడిన చమత్కారమును, బొమ్మను, చిన్న కథను ఒక్క వ్రేలి తాకిడితో పదిమందికి పంపుచున్నాము. ఈ అలవాటు మంచిదా, చెడ్డదా యని వాదించుట వృథా. మనుష్యుడున్నంతకాలము అది యుండును. ఎట్లు పంచుకొన్నచో అది విందగును, ఎట్లు పంచుకొన్నచో విషమగును అనునదియే ఆలోచింపదగిన విషయము.

ఈ అలవాటునకు తెలుగువారిలో గొప్ప పూర్వుడొకడు కలడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా పని చేసిన పెద్దమనిషి. ఆయన 1830 మే 18వ తేదీన మద్రాసు విడిచి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. దారిపొడవునను తాను చూచినదెల్ల వ్రాసి, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లయను మిత్రునకు పంపుచుండెను. ఆ వ్రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చుపడినవి. మిత్రునకు ముచ్చటలు పంపుట నాడును నేడును ఒక్కటియే. కాని ఆయన పంపిన ముచ్చటలయందొక విశేషము కలదు. ప్రతి మజిలీకి తేదీ యున్నది, ఊరిపేరున్నది, దూరమున్నది. తాను కంటితో చూచినదేదో, ఇతరులు చెప్పగా విన్నదేదో చదువరికి తెలియును. అందుచేతనే దాదాపు రెండువందల యేండ్లు కావచ్చుచున్నను చరిత్రకారులు ఆ గ్రంథమును వదలకున్నారు. ఆయన తాను కన్న వింతలను చిరునామాతో కూడ పంపెనని మేము చెప్పుదుము.

చిరునామా లేకుండ పంచుకొన్న వింతలును మనకు లేకపోలేదు. చాటుపద్యములే అందులకు తార్కాణము. నోటినుండి నోటికి నడచిన ఆ పద్యములను ఊరూర వెదకి పోగుచేసి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ‘చాటుపద్యమణిమంజరి’గా మనకిచ్చిరి. వాని సొగసునకు లోటు లేదు. కాని వాని పుట్టుపూర్వోత్తరములు తేల్చుట పండితులకును కష్టము. ఒకే పద్యమును ఒక ఊరివారు శ్రీనాథునిదందురు, వేరొక ఊరివారు మరియొకనిదందురు. ఇక హాస్యకథ యేదైనను సరే, అది పోయి తెనాలి రామకృష్ణుని తలకు చుట్టుకొనును. నేడు ఫోనులో తిరుగు హితవాక్యములు అబ్దుల్ కలాముగారి పేరు తగిలించుకొనుట ఈ పాత అలవాటునకు క్రొత్త రూపమే. రామకృష్ణుని పేర నొక కథ ఎక్కువైనను లోకమునకు నష్టము లేదు. కాని చిరునామా లేని ముచ్చటలన్నియు అంత సాధువులు కావు. ఆ సంగతి ముందు చెప్పుదుము.

మొదట అంతర్జాలము యొక్క స్వరూపము తెలిసికొందము. దానిని పెద్ద గ్రంథాలయమని కొందరందురు. అది సగము మాటయే. గ్రంథాలయము, సంత, రచ్చబండ – ఈ మూడును కలిసిన చోటు అది. గ్రంథాలయములోని ప్రతి పుస్తకమునకును కర్తపేరు, అచ్చైన సంవత్సరము ఉండును. సంతలో ఎవని సరకు వాడు మెచ్చుకొనును. రచ్చబండమీద ఎవరేమన్నను చెల్లును. మన ఊరిలో ఈ మూడు స్థలములు వేరువేరుగా నుండుటచే, ఏ మాట ఎక్కడ వింటిమో మనకు జ్ఞాపకముండును. ఆ మాటకు తగిన విలువయే ఇత్తుము. ఫోనులోనో, మూడింటి మాటలును అరచేతియంత అద్దముమీద, ఒకే విధమైన అక్షరములలో, ఒకదాని వెంట నొకటిగా వచ్చుచుండును. పండితుని పరిశోధనయు, అంగడివాని ప్రకటనయు, పనిలేనివాని కల్పనయు కంటికి ఒక్కతీరుగనే కనబడును. చిక్కు అంతయు నిచ్చటనే యున్నది.

గ్రంథాలయపు పార్శ్వము మాత్రము నిజముగా మెచ్చదగినది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 1996లో స్థాపింపబడిన ఇంటర్నెట్ ఆర్కైవు అను సంస్థ లక్షలకొలది పుస్తకముల పుటలకు ఛాయాచిత్రములు తీయించి, ఎవరైనను చదువుకొనునట్లుంచినది. అందు మన తెలుగు పుస్తకములును పెక్కు కలవు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా అనేకులు కలిసి వ్రాయు విజ్ఞానసర్వస్వము. దాని ప్రతి పుటకును మార్పుల చరిత్ర కలదు; ఏ మాటను ఏ పేరుతో, ఏ దినమున చేర్చిరో అందు చూడవచ్చును. తప్పులుండవని కాదు, తప్పు ఎక్కడ పుట్టినదో వెదకుటకు దారి యున్నదని మా యభిప్రాయము.

ఇక వినోదమునకై ఒక ఉదాహరణము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రజ్ఞుల భవనములో ట్రోజన్ రూము అను గదివద్ద అందరికిని కలిపి ఒకే కాఫీకూజా యుండెడిది. భవనములోని ఇతర భాగములవారు మెట్లు నడచి వచ్చి చూతురు గదా, కూజా ఖాళీ! ఈ బాధ పడలేక 1991లో వారు కూజాకు ఎదురుగా నొక కెమెరా నిలిపి, దాని బొమ్మ తమ తమ బల్లలమీది కంప్యూటర్లలో కనబడునట్లు చేసికొనిరి. 1993లో ఆ బొమ్మ అంతర్జాలములోని కెక్కినది. అంతట లోకములో నలుమూలల ప్రజలు, ఆ కాఫీ ఒక్క చుక్కయైనను తాము త్రాగబోరని తెలిసియు, కూజా నిండినదా లేదా యని చూచుటకు ఎగబడిరి! 2001 ఆగస్టు 22వ తేదీన ఆ కెమెరాను ఆపివేసిరి. పాడైన ఆ కూజాను వేలము వేయగా, జర్మనీ దేశపు ‘డెర్ ష్పీగెల్’ పత్రికవారు మూడువేల పౌనులకు పైబడి చెల్లించి కొనిరి. సికింద్రాబాదులోని ఇరానీ హోటలులో చాయ త్రాగుచు చెప్పుకొనుటకు ఇంతకంటె మంచి కథ ఏమి కావలెను? నేడు అంతర్జాలములో బొమ్మలు చూపు ఇట్టి కెమెరాలకు ఈ కాఫీకూజా కెమెరాయే ఆద్యము. స్థలము, సంవత్సరము, తేదీ తోడుగా నుండుటచే వినువారు నవ్వి ఊరకుండక, ఒక సంగతి నేర్చుకొందురు.

కేంబ్రిడ్జివరకు పోనక్కరలేదు. మన సికింద్రాబాదు గురించియే వెదకి చూతము. ఈ ఊరికి ఆ పేరు నిజాము సికందర్ జా వలన వచ్చినది. ఆయన 1803 మొదలు 1829 వరకు హైదరాబాదు నేలెను. సికందర్ అనగా పారసీకమున అలెగ్జాండరు. పేరులో నింతటి పోలిక యున్నప్పుడు, గ్రీకువీరుడు స్వయముగా హుస్సేన్‌సాగరు గట్టున దండు దిగెనని కథ అల్లుట ఎవనికైనను క్షణములో పని. అలెగ్జాండరు క్రీస్తుపూర్వము 326లో పంజాబులోని బియాస్ నదివరకు వచ్చి వెనుదిరిగెను; ఆ నది దాటనివాడు దక్కను చేరుట ఎట్లు? ఒక్క తేదీ, ఒక్క నది పేరు చాలును, అందమైన అబద్ధమును నిలువరించుటకు.

మరియొకటి చూడుడు. ఆగస్టు 20వ తేదీ సమీపించగానే సికింద్రాబాదు ఇండ్లలోని ఫోనులకు ఏటేట నొక గర్వకారణమైన వార్త వచ్చును. మలేరియా రహస్యమంతయు ఇచ్చటనే బయలుపడినదని దాని సారాంశము. ఇందు నిజమెంత? రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు 1857లో అల్మోరాలో పుట్టెను. 1897లో ఆయన సికింద్రాబాదు ప్రక్కనున్న బేగంపేటలో పని చేయుచుండెను. ఆగస్టు ఉక్కలో పంకా విసరించుకొనుటకు వీలులేదు. గాలికి కోసియుంచిన దోమలు ఎగిరిపోవును. ఆయన చెమట తగిలి సూక్ష్మదర్శినియొక్క మరలు త్రుప్పు పట్టినవి. మలేరియాతో బాధపడుచున్న హుసేన్ ఖాన్ అను రోగిని దోమలచేత కుట్టించి, దోమకొక అణా చొప్పున అతనికి కూలి ఇచ్చెను. దోమకాటునకు కూలి పుచ్చుకొన్నవాడు లోకములో మరియొకడుండునో లేదో! 20వ తేదీన ఆ దోమ పొట్టగోడలో రాస్ మలేరియా క్రిమి జాడను చూచెను. ఆ భవనము నేటికిని బేగంపేటలో, ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి ఆధీనమున, ఆయన పేరుతోనే యున్నది.

ఇంతవరకు నిజమే. కాని ‘రహస్యమంతయు’ అను మాట నిలువదు. దోమ పొట్టలో క్రిమి యున్నదని తెలిసినను, అది మరల మరియొక ప్రాణికి ఎట్లు చేరుచున్నదో ఇంకను తెలియవలసి యుండెను. దానిని రాస్ 1898లో కలకత్తాలో, మనుష్యులయందు గాక పక్షులయందు నిరూపించెను. మనుష్యుల మలేరియా విషయమున ఆ వృత్తమును పూర్తి చేసినవారు గ్రాసీ మొదలగు ఇటలీ శాస్త్రజ్ఞులు. 1902లో నోబెలు బహుమానము మాత్రము రాస్‌కు వచ్చెను. 1897 డిసెంబరు 18వ తేదీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్ ప్రకటించిన వ్యాసము పేరే చూడుడు: మలేరియా రక్తము త్రాగిన రెండు దోమలలో కనబడిన కొన్ని విచిత్రకణములను గూర్చి అని మాత్రమే ఆ శీర్షిక తాత్పర్యము. కనుగొన్నవాడు రెండు దోమలని చెప్పగా, పంపువారు రహస్యమంతయు ననుచున్నారు! గోరంత కొండంత యగుట ఇట్లే.

హుసేన్ ఖాన్ కూలి విషయమునను ఇట్టి తేడాయే కలదు. అతనికి ముట్టినది ఎనిమిదణాలని ఒక పుటలోను, పది అణాలని మరియొక పుటలోను కనబడును. దోమకొక అణా యనుట మాత్రము అన్నిచోట్లను సమానమే. అట్టిచో మనము చేయవలసిన పని సులభము. అందరును ఒప్పుకొన్న మాటనే చెప్పి, ఒప్పుకొననిదానిని విడువవలెను. కథ రుచి అణుమాత్రమును తగ్గదు.

రేడియో వినువారికి ఇంకొక సంగతి మరింత ప్రీతి కలిగించును. 1938 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో ఆర్సన్ వెల్స్ అంగారకగ్రహవాసుల దండయాత్రను గూర్చి, వార్తలు చదువు ధోరణిలో నొక రేడియో నాటకము ప్రసారము చేసెను. అది నిజమని నమ్మి దేశమంతయు వీధులలోనికి పరుగెత్తినదని ఇప్పటికిని చెప్పుచుందురు. కొందరు భయపడిన మాట నిజమే. కాని దేశమంతయు బెదరినదనుట ఆనాటి పత్రికలు పెంచిన మాటయని తరువాతి పరిశోధకులు తేల్చిరి. అనగా, ప్రజలు వదంతిని నమ్మిరను కథయే ఒక వదంతియై ఎనుబదియేండ్లకు పైగా బ్రదికినది! నిప్పులేనిదే పొగ రాదని సామెత. నిప్పు అగ్గిపుల్లయంతదైనను పొగ ఊరంత పట్టుననియు తెలిసికొనవలెను.

ఇంతవరకు నవ్వుకొనదగిన సంగతులు. ఇక నవ్వరానిది చెప్పుదుము. పాకిస్తానులోని కరాచీలో, పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకై ఒక చిన్న చిత్రము తీసిరి. మోటారుసైకిలుమీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొనుచున్న పిల్లవానిని ఎత్తుకొనిపోదురు. కొంతసేపటికి తిరిగి వచ్చి, వానిని దింపి, ఇది హెచ్చరిక మాత్రమేయని వ్రాసిన అట్టను చూపుదురు. మంచి యుద్దేశముతో తీసిన చిత్రము. ఎవరో దాని చివరిభాగమును కత్తిరించిరి. ఏ ఊరిదో, ఎవరు తీసినదో, ఎందులకు తీసినదో చెప్పు ముక్క పోయినది. పిల్లవానిని ఎత్తుకొనిపోవుట మాత్రము మిగిలినది. అది మన దేశములో, మన ఊరిలోనే జరిగినదను వ్రాతతో ఫోనునుండి ఫోనుకు ప్రాకినది. ఇట్టి చిత్రములు, మాటలు పుట్టించిన భయముతో 2018 మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో నొక గుంపు, మహబూబ్‌నగర్ ప్రాంతమునుండి వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళ నొకతెను కొట్టి చంపినది. ఆమె ఏ బిడ్డను ఎత్తుకొనిపోలేదు. అదే సంవత్సరము జులై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు బాటసారులు అట్లే హతులైరి. ఆ చిత్రమును పంపినవారిలో పెక్కుమంది దుర్మార్గులు కారు. పొరుగువారి పిల్లలు క్షేమముగా నుండవలెనని కోరినవారే. మంచి మనస్సు చాలలేదు. చిరునామా అడుగవలసి యుండెను.

ఆ సంవత్సరముననే జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు మరియొక మార్గము త్రొక్కిరి. కానిస్టేబుళ్లను గ్రామములకు పంపి, ప్రజలతో కూర్చుండి మాటలాడునట్లు చేసిరి. జానపదగాయకులచేత డప్పులతో వదంతులను గూర్చి పాటలు పాడించిరి. ఫోనులో వచ్చిన అబద్ధమునకు ఎదురు మందు ఫోనులోనే వెదకక, రచ్చబండమీద, తెలిసిన ముఖముతో, తెలిసిన గొంతుతో చెప్పించుట ఇందలి కిటుకు. గొంతు ఎవరిదో తెలియుట కూడ చిరునామాయే గదా!

వాట్సాప్ వారును కొన్ని కట్టుబాట్లు చేసిరి. ఒకరినుండి వచ్చిన సందేశమును మరియొకరికి పంపినచో అది పంపిన సరకేయని తెలుపు గుర్తు 2018లో వచ్చినది. మన దేశములో ఒక సందేశమును ఒక పర్యాయమునకు ఐదు చోట్లకు మించి పంపరాదను హద్దును ఆ సంవత్సరముననే పెట్టిరి. పలుమారులు చేతులు మారినదానిమీద రెండు బాణముల గుర్తు కనబడును. 2020 ఏప్రిలునుండి అట్టిదానిని ఒక పర్యాయమునకు ఒక్కచోటికే పంపవచ్చును. ఆ రెండు బాణములను మన ఇండ్లలో చాలమంది సత్యమునకు ముద్రగా భావింతురు. పదిమంది పంపినది నిజము కాకపోవునాయని వారి తర్కము. అది విపరీతార్థము. మొదట చెప్పినవానికిని మనకును నడుమ చాల చేతులున్నవనియే ఆ గుర్తు చెప్పుచున్నది. ఆ సందేశములోపల ఏమున్నదో వాట్సాప్ వారును చదువజాలరు. అట్టి తాళముతోనే అది ప్రయాణము చేయును. కావున పరీక్షించు భారము చివరకు మనమీదనే యున్నది.

ఆ పరీక్ష బ్రహ్మవిద్య కాదు. ఎవరేమి చెప్పినను వినవలెననియు, విన్నంతనే త్వరపడక నిజానిజములు తెలియవలెననియు సుమతీశతకకారుడు మన చిన్ననాడే నేర్పియున్నాడు. దానినే నాలుగు ప్రశ్నలుగా విడదీసికొనవచ్చును. ఒకటి: దీనిని మొదట చెప్పినవారెవరు? ‘శాస్త్రజ్ఞులు చెప్పిరి’ అనుట జవాబు కాదు. ఏ శాస్త్రజ్ఞుడో పేరు కావలెను. రెండు: ఎప్పుడు, ఎక్కడ? వరద బొమ్మ వచ్చినచో అది ఈ యేటిదో, పదేండ్ల నాటిదో, మన ఊరిదో, వేరొక ఖండమునదో చూడవలెను. బొమ్మనే ఇచ్చి వెదకినచో అది ఇదివరకు ఎచ్చటెచ్చట వచ్చినదో చూపు సాధనములు ఫోనులోనే కలవు. మూడు: దీనితో సంబంధములేని మరియొకచోట ఇదే సంగతి కలదా? ఒకే వాక్యము అక్షరము తప్పకుండ ఇరువది చోట్ల నున్నచో అవి ఇరువది సాక్ష్యములు కావు. ఒకే సాక్ష్యమునకు ఇరువది నకళ్లు. నాలుగు: ఇది అబద్ధమైనచో ఎవరికి హాని? కాఫీకూజా కథలో సంవత్సరము తప్పినను ఎవరికిని దెబ్బ తగులదు. ఒక మనుష్యునిమీద, ఒక కులముమీద, ఒక మందుమీద వచ్చిన మాట తప్పినచో ప్రాణము పోవచ్చును. హాని యెంత పెద్దదో పరీక్షయు అంత గట్టిగా నుండవలెను.

ఇంట్లో ఈ పని కలిసి చేసికొనుట మేలు. తాతగారికి వచ్చిన సందేశమును మనుమరాలు వెదకి చూపవచ్చును. మనుమరాలు నమ్మిన పాతకాలపు కథను తాతగారు తమ జ్ఞాపకముతో సరిదిద్దవచ్చును. పెద్దవారికి సందేశము తప్పని చెప్పునప్పుడు పదిమంది యున్న గుంపులో కాక, విడిగా, మెల్లగా చెప్పవలెను. అందరియెదుట అవమానింపబడినవాడు తన తప్పునే పట్టుకొని వ్రేలాడును. దొరకిన మంచి సంగతిని పంపునప్పుడు, అది ఏ పుస్తకములోనిదో, ఏ సంవత్సరమునదో ఒక పంక్తిలో జతచేయుడు. చిరునామా దొరకనిచో ఒకపూట ఆగుడు. నిజమైన వింత ఒకపూటలో పాతబడదు. వచ్చు ఆగస్టు 20వ తేదీన మలేరియా వార్త మీ ఫోనుకు తప్పక వచ్చును. అప్పుడు దానిని అట్లే ముందునకు త్రోయక, రెండు దోమల మాటయు, దోమకొక అణా మాటయు, కలకత్తా పక్షుల మాటయు చేర్చి పంపుడు. సికింద్రాబాదు గొప్పతనము దానివలన తగ్గదు సరికదా, నమ్మదగినదై నిలుచును.